అరవై ఎనిమిది మంది ఊరు

ఇప్పలవాగు గుంపు అనే చిన్న ఊరి జనాభాను ఒక్క పూటలో సగానికి పైగా కోసేసింది ఈ కథ రాస్తున్న సతీష్‌గాడే. తప్పు వాడిదే, దాచేదేమీ లేదు. మంగళవారం పొద్దున మెడలో పాత బస్సు పాసు వేలాడేసుకుని, పరీక్షలప్పటి అట్ట పట్టుకుని గంగక్క వాకిట్లో నిలబడ్డాడు.

"ఇంట్ల ఎంతమంది?" అని గొంతు మార్చి అడిగాడు.

నవ్వుతుందనుకున్నాడు. గంగక్కకు చూపు ఆనదు. పక్క ఊరి సతీష్‌ను పోల్చుకోలేదు, నవ్వలేదు.

"ఇద్దరం," అంది. వెనక ఐదుగురు జావ తాగుతున్నారు.

వాడు మలుపు తిరిగేలోపే ముప్ఫై నాలుగిళ్లకూ కబురు పోయింది. "అట్ట పట్టుకొని తిరుగుతున్నరు. ఎవలడిగినా ఇద్దరమే అనుర్రి."

ఆమె అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఆమె కోడలిగా వచ్చినప్పుడు ఊరు భద్రాచలం తాలూకాలో ఉండేది. తర్వాత దుమ్ముగూడెం మండలమన్నారు. ఖమ్మం జిల్లా కాస్తా కొత్తగూడెం జిల్లా అయింది. పంచాయతీ కూడా మారింది. ఊరు మాత్రం వాగు పక్కన వేసిన చోటే ఉంది. మారినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి తలలు లెక్కపెట్టారు. ఒకసారి ఏడుగురమని నిజం చెబితే, వారం తిరక్కుండా పోడు చేనులోకి పోకుండా చుట్టూ కందకం తవ్వేశారు. ఎవరు తవ్వించారో ఇప్పటికీ చెప్పినవాడు లేడు. ఆ రోజు నుంచి గంగక్క ఇంట్లో ఇద్దరే.

గురువారం పంచాయతీ కార్యదర్శి ఉదయ్ భాస్కర్ నిజంగానే అట్టతో వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి అరవై ఎనిమిది రాసుకుని, అప్పుడు చెప్పాడు. "నూటయాభై ఉంటే రేషన్ బియ్యం వాగుకు ఇవతలనే ఇద్దుమనుకున్నం. తక్కువైండ్రు కద."

గంగక్క పోయిన వానల్లో బియ్యం సంచితో వాగు దాటుతూ పడింది. సంచి పోయింది, చెప్పులు పోయాయి, ఆమె మాత్రం కొమ్మ పట్టుకుని బయటపడింది.

"సారూ, మేం నూట అరవైకి ఎక్కువనే ఉంటం."

"ఇప్పుడే ఇంటికిద్దరన్నరు, ఇంతల నూట అరవైయా? ఏది నమ్మాలె?"

"ఆధార్లు సూడు."

"సగం కార్డుల మీద పాత పంచాయతీ ఉంది. ఈ ఊరోళ్లేనని ఎట్ల తెల్వాలె?"

గంగక్క అతని అట్ట మీద చేయి పెట్టింది. "ఆదివారం కొత్తల పండుగ. రా. పోగుల కాడ ఎవడూ అబద్ధమాడడు."

కొత్త పంట నోట పెట్టే ఆ పండుగలో మాంసం ఇంటికింతని పంచరు, మనిషికో పోగు వేస్తారు. ఎక్కువ చెబితే పక్కింటివాడు ఊరుకోడు, తక్కువ చెబితే సొంత పిల్లలే ఊరుకోరు.

ఆదివారం అడ్డాకులు వరసగా పరిచి పోగులు వేశారు. ఉదయ్ భాస్కర్ వంగి వంగి లెక్కపెడుతుంటే, గంగక్క తన కోడలు శ్రావణి చేత వెనకే రెండో లెక్క పెట్టించింది.

"ఈమెకు రెండు పోగులేంది?" అని కార్యదర్శి ఒకామె ముందు ఆగాడు.

"కడుపుల ఉన్నదానికి."

"పుట్టనోళ్లను రాయను."

"రాయకు. తిననియ్యి."

అది తీసేస్తే నూట అరవై మూడు. అయినా అతనికి నమ్మకం కుదరక మనుషుల్నీ నిలబెట్టి లెక్కపెట్టాడు. నూట అరవై నాలుగు! కలం ఆగిపోయింది.

"చూసినవా గంగక్కా, పక్కూరోళ్లను కలిపిండ్రు."

గంగక్క వరసలో ఒక్కొక్కరి మొహం దగ్గరికీ పోయి చూసింది. చివర ఆకు పట్టుకుని నిలబడ్డ సతీష్ దొరికాడు. చొక్కా పట్టి బయటికి లాగింది. వాడు మంగళవారం వేసిన వేషం సంగతి కూడా అక్కడే కక్కేశాడు. ఉదయ్ భాస్కర్ పగలబడి నవ్వి, అరవై ఎనిమిది కొట్టేసి నూట అరవై మూడు రాశాడు. గంగక్క నవ్వలేదు. ఆ అంకెను శ్రావణితో రెండుసార్లు చదివించుకుంది.

"నన్నెందుకు తీసేసినవక్కా?" అన్నాడు సతీష్. "ఒకడెక్కువుంటే ఊరికి మంచిదే కద."

"మేం ఎంతమందిమో మేం చెప్పుకుంటం గని, నీ ఊళ్లె నువ్వొకనివి ఉన్నవని ఎవలన్న చెప్తరా? పోయి అది అడుక్కో పో!"