మేస్త్రమ్మ నాకిచ్చిన గోడ

మొన్న వాన వెలిశాక ఆమదాలవలస స్టేషన్ నుంచి బజారు మీదుగా ఇంటికి వస్తున్నాను. బెల్లం కొట్టు చూరు కారి బస్తా తడిసినట్టుంది. కరిగిన బెల్లం నీళ్లు గుమ్మం పక్క గుంటలో నిలిచి, పులిసి, నురగ కట్టి ఉన్నాయి. దారినపోయేవాళ్లు ముక్కు మూసుకుని పోతున్నారు. నేను మాత్రం గొడుగు మడిచి అక్కడే నిలబడిపోయాను. పులిసిన బెల్లం వాసన వెనకాలే కరక్కాయ వగరు కూడా తగిలినట్టనిపించింది. అక్కడ కరక్కాయ లేదు. అది మూడేళ్లుగా నా ముక్కులోనే ఉండిపోయింది. కొట్టు యజమాని అప్పన్న నన్ను చూసి, కళ్లు తిరుగుతున్నాయేమోనని కంగారుపడి స్టూలు తెచ్చి వేశాడు. కూర్చున్నాను. కూర్చుని సలోమి మేస్త్రమ్మను తలుచుకున్నాను.

మూడేళ్ల కిందట నెల్లిమర్లకు అవతల ఒక పాత మిషన్ ఆసుపత్రి బంగళాను నేను బాగుచేశాను. మా తాతల నాటి కట్టడం. పెద్దపెద్ద ఇంజనీర్లు చేతులెత్తేస్తే నన్ను బతిమాలి సలహాదారుగా పిలిపించుకున్నారు. దాని వెనకాల పూడిపోయిన గెడ్డను, అదే వాగును, తవ్వించి, కొండ మీంచి వచ్చే వాననీటికి మళ్లీ దారి చూపించింది కూడా నేనే. ఈ కథ మా వీధి అరుగు మీద ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కాగితం మీద పెట్టేసరికి కలం మొరాయిస్తోంది. సరే, ఒప్పుకుంటాను. నన్నెవరూ పిలవలేదు. పాత కట్టడాలనూ, వాటిచుట్టూ ఉన్న నేలనూ నీటినీ బాగుచేసే చిన్న సంస్థ ఒకటి ఇంటర్న్‌షిప్ ప్రకటన ఇచ్చింది. పద్ధెనిమిదేళ్లు నిండినవారు ఎవరైనా రావచ్చన్నారు. నాకు పద్ధెనిమిది నిండి నలభై ఎనిమిదేళ్లయింది. పై హద్దు రాయకపోవడం వాళ్ల పొరపాటు. ఇంట్లో రోజంతా తన వంటకు వంకలు పెడుతున్నానని మా ఆవిడే దరఖాస్తు నింపించి పంపింది. ఇదీ పూర్తి నిజం కాదు. ఆ ప్రకటనలో బంగళా ఫొటో చూసి నేనే అడిగాను. ఎందుకు అడిగానో ముందుముందు చెబుతాను. అన్నీ ఒక్కసారే ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

మొదటిరోజు వెళ్లేసరికి ఎచ్చెర్ల నుంచి వచ్చిన నలుగురు విద్యార్థులున్నారు. మనవల ఈడు పిల్లలు. నేను ఇస్త్రీ చొక్కాతో వెళ్లి కుర్చీ కోసం చూశాను. కుర్చీ లేదు. పని నేర్పేది సలోమి అన్నారు. నలభై అయిదేళ్లుంటాయి. చీర కుచ్చిళ్లు ఎగదోపి, తలకు తువ్వాలు చుట్టి, మోచేతుల దాకా తెల్లగా సున్నంతో ఉంది. ఆడమనిషి తట్ట మొయ్యడమే తప్ప తాపీ పట్టడం నేను అంతవరకూ చూడలేదు. ఆమె తండ్రి దానియేలు మేస్త్రికి కొడుకుల్లేరు. పనంతా ఈ కూతురికే నేర్పాడట. ఆమె మా అందరినీ ప్రసూతి వార్డు పడమటి గోడ ముందుకు తీసుకెళ్లింది. ఆ గోడ మీదే వార్డు పైకప్పంతా ఆని ఉంది. వానలు పడేలోగా గోడ ఆరి గట్టిపడితే సరే, లేకపోతే వార్డుతో సహా పడగొట్టి షెడ్డు వేసుకుంటామని ఆసుపత్రి కమిటీ వాళ్లు తేల్చి చెప్పేశారట. ఆ సంగతి చెప్పి, గోడను అరచేత్తో నిమిరి, "ఈ సున్నం మా అయ్య సేతి పని," అంది. దాని మీద ఎవరో సిమెంటు కొట్టించేశారనీ, సున్నపు గోడకు సిమెంటు కొడితే ఊపిరాడదనీ, లోపలి చెమ్మ బయటకు రాలేక ఇటుకను తినేస్తుందనీ వివరించింది. పిల్లలు పుస్తకాల్లో రాసుకుంటున్నారు. దడ పుడితే నేను హాస్యమాడతాను. "ఊపిరాడదంటున్నావు, గోడకి ముక్కుంటాదేటి మేస్త్రమ్మా?" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వంక కాసేపు చూసి, "బాబూ, మీరు ఈ గోడ కాడుండండి," అని ఒక చిన్న ఉలి, కొయ్య సుత్తి నా చేతిలో పెట్టింది.

అయితే గోడ ముట్టుకోవడానికి ముందు వారం రోజులు మా అందరినీ గెడ్డలోకి దింపింది. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియకుండా గోడ ఆరబెడతామంటే కుదరదంది. గెడ్డ నిండా తూటికాడ పెరిగి, దారి మూసుకుపోయి, వానకు వచ్చిన నీరంతా పక్కకు తిరిగి బంగళా పునాదిలోకి దిగుతోంది. మోకాలి లోతు బురదలో నిలబడి ఆ తూటికాడ వేళ్లతో పీకాం. నేను ఒక్కణ్ణే నలుగురి పని చేశాను. కాదు, నడుం నొప్పని మూడో రోజుకల్లా గట్టెక్కి కూర్చున్నాను. ఆమె నన్ను డ్రమ్ముల దగ్గర కూర్చోబెట్టింది. వాటిలో బెల్లం, దంచిన కరక్కాయ నానుతున్నాయి. సున్నంలో కలపడానికి ఆ నీళ్లు సరిగ్గా పులియాలి. పొద్దుటా సాయంత్రం మూత తీసి వాసన చూసి చెప్పడం నా పని. ఏది ఎంత కలపాలో, ఎన్నాళ్లు పులియాలో పిల్లలు అడిగితే, ముక్కుకు తెలుస్తుందని ఆమె చెప్పేది. ఆ మాట అన్నప్పుడల్లా నా వంక చూసేది. అప్పుడు నాకు అర్థం కాలేదు. వారం తిరిగేసరికి గెడ్డలో నీళ్లు తమ దారిన తాము పోవడం మొదలుపెట్టాయి. ఎక్కడి నుంచి వచ్చాయో రెండు కొంగలు వచ్చి వాలాయి. పిల్లలు ఫొటోలు తీసుకున్నారు.

తర్వాత గోడ పని. కింది నుంచి మొదలుపెట్టి, గోరుతో పొక్కు గిల్లినంత నెమ్మదిగా సిమెంటు వొలవాలి. ఇటుక అంచు చెదరకూడదు. ఆమె అప్పుడప్పుడూ వచ్చి అరచెయ్యి తిప్పి, చేతి వెనకభాగం గోడకు ఆనించి చూసేది. జ్వరం చూసినట్టే. రోజు పని ముగిశాక, పక్క గోడ మీద తను ఆ రోజు పూసిన సున్నం ఎక్కడ ఆగిందో అక్కడ బొటనవేలు నొక్కి వెళ్లిపోయేది. మర్నాడు ఎక్కడి నుంచి అందుకోవాలో ఆ గుర్తు చెబుతుంది. వాళ్ల అయ్య అలవాటట. నాకు ఆ నెమ్మది నచ్చలేదు. పిల్లల ముందు గొప్ప చూపించాలని ఒకరోజు గునపం తెచ్చి ఒక్క పోటు పొడిచాను. సిమెంటు పెళ్లతో పాటు సగం ఇటుక ఊడి వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆ ఇటుక తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూసి, కొంచెం నొక్కింది. అది పిండి అయిపోయింది. "సూసినారా, ఊపిరాడక ఇలగైపోనాది," అంది. అంతే. నా చేతిలో ఎర్రటి పొడి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి వంటకు ఏ వంకా పెట్టకుండా తిన్నాను. మా ఆవిడ నుదురు ముట్టుకుని చూసింది.

ఇప్పుడు చెబుతాను. ముప్ఫై ఏళ్లు నేను సిమెంటు వ్యాపారం చేశాను. దుకాణంతో పాటు చిన్నచిన్న పనులు ఒప్పుకుని చేయించేవాణ్ణి. మొదట్లో చేయించిన పనుల్లో ఒకటి ఆ పడమటి గోడ. పెచ్చులూడుతోంది, సున్నం కాలం పోయింది, సిమెంటు కొడితే ఇక చూడక్కర్లేదని కమిటీ ముందు ఉపన్యాసం దంచాను. అప్పుడు వెనకాల నుంచి ఒక ముసలి మేస్త్రి లేచి తువ్వాలు చేతబట్టుకుని, గోడకు ఊపిరాడదు బాబూ అన్నాడు. గోడకి ముక్కుంటాదేటి మేస్త్రీ అన్నాను. కమిటీ అంతా పగలబడి నవ్వారు. నాకు పని వచ్చింది. ఆ మాట అంత బాగా పేలిందని ఆ తర్వాత ఏ పాత ఇంటికి వెళ్లినా అదే వాడుకున్నాను. ఎన్ని గోడలకు వాడానో. ఆ ముసలాయనే దానియేలు అని మాత్రం సలోమి మొదటిరోజు గోడను నిమిరినప్పుడు తెలిసింది. ఈ సంగతి ఆమెకు చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. రోజూ ఉలి పట్టుకుని గోడవైపు తిరిగేవాణ్ణి. పిల్లలకేమో ఇంజనీరుగా రిటైరయ్యానని చెప్పి ఉన్నాను.

కింది భాగం చెయ్యి అందినంత ఎత్తు దాకా వొలిచేసరికి ఎండలు ముదిరాయి. కమిటీ వాళ్లు పట్నం నుంచి ఒక ఇంజనీరును తీసుకొచ్చారు. ఆయన నిచ్చెన ఎక్కి గోడ పైభాగమంతా చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లాడు. ఎక్కడ తట్టినా డొల్ల శబ్దం. కింద ఇటుక పిండైంది, పైన అంతా డొల్ల, ఇది నిలవదు, కప్పు దింపించి గోడ పడగొట్టండని మర్యాదగానే చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు, ఆ శబ్దం వింటే ఎవరైనా అదే అంటారు. కమిటీ పెద్దలు సలోమి వంక చూశారు. పైన ఒక్క పెళ్ల తీసి చూద్దామని ఆమె అడిగింది. కప్పు కింద బరువు మోసే గోడ, పడిపోతే ఎవరిది పూచీ అన్నారు. ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఆ నలుగురు పిల్లలూ ఇంజనీరు తాతగారు ఏమంటారోనని నావైపు తిరిగారు.

అప్పుడు ధీరగంభీరంగా ముందుకు నడిచానని రాయాలనుంది. నడవలేదు. ఉన్నచోటే నిచ్చెన పట్టుకున్నాను. "ఆ డొల్ల గోడది కాదండీ, నాది," అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఈ సిమెంటు కొట్టించింది నేనేననీ, పాత సున్నమంతా గీకించి కొట్టాలని ఒప్పందమైతే, మనిషి చెయ్యి అందినంత మేరకే గీకించి, పైన నిచ్చెన వేయించడానికి బద్ధకించి, నున్నటి సున్నం మీదే సిమెంటు మెత్తించేశాననీ చెప్పాను. సిమెంటు సున్నాన్ని పట్టుకోలేదు, ఎప్పుడో విడిపోయి ఉంటుంది. ఆ డొల్ల రెండింటి మధ్యన ఉన్న సందు. దాని వెనకాల గోడ ఎలా ఉందో ఎవరూ ఇంకా చూడలేదు. నేను ఇంజనీరును కాదనీ, సిమెంటు కొట్టువాడిననీ పిల్లలతో కూడా చెప్పేశాను. ముప్ఫై ఏళ్ల మోసం చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టలేదు.

ఇంజనీరే ముందు తేరుకుని, సరే తీసి చూడండన్నాడు. సలోమి నిచ్చెనెక్కి ఉలి మొన సందులో దూర్చి మెల్లగా ఎత్తింది. చాపంత పెళ్ల ఊడి కింద పడింది. దాని వెనక గోడ కోడిగుడ్డు పెంకులా నున్నగా, తెల్లగా, పొడిగా ఉంది. ఆమె చాలాసేపు దిగలేదు. మేము కింద నుంచి చూస్తే, ఆమె చెయ్యి ఒకచోట ఆగి ఉంది. తర్వాత నేనూ ఎక్కి చూశాను. అక్కడ సున్నంలో ఒక బొటనవేలి గుర్తు ఉంది, సలోమి వేలి కంటే వెడల్పుగా. ఏదో ఒక రోజు దానియేలు మేస్త్రి పని అక్కడికి ముగించి ఇంటికి వెళ్లాడు. గోడ పడగొట్టలేదు. కింద చచ్చిన ఇటుకలు ఒక్కొక్కటే తీసి కొత్తవి పెట్టి, వానలకు ముందే సున్నం పూశాం.

గోడ పడగొట్టక్కర్లేదని తేలిన ఆ మధ్యాహ్నం ఆమె నాకు తన గిన్నెలోంచి చోడి అంబలి పోసిచ్చింది. అంతవరకూ ఎవరి గిన్నె వాళ్లదే. నేను క్షమించమని మొదలుపెట్టబోతే ఆపింది.

"నాకు మొదటి రోజే తెల్సు మావా."

ఎలా తెలుసన్నాను.

"గోడకి ముక్కుంటాదేటి అన్నారు కదా. మా అయ్య ఆ మాట ఇంటికాడ సెప్పి నవ్వీవోడు, సిమెంటు బాబు బలే మాటన్నాడే అని. నవ్వీవోడు గానీ మరింక ఈ గోడకాడికి రానేదు. సచ్చిపోయిందాకా ఈ దారే మానేసినాడు."

గిన్నె కింద పెట్టేశాను. తెలిసి తెలిసి నన్నెందుకు ఉంచుకున్నావన్నాను.

"లోపల ఏటున్నాదో కొట్టించినోడికే కదా తెల్సీది. మీరు సెప్తారని సూసినాను." గిన్నె కడిగి బోర్లిస్తూ, "ఆలిస్యం సేసినారు," అంది.

వెళ్లేరోజు అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. నేర్చుకున్న పని అన్న గడి ఆమే తన చేత్తో నింపాలి. నా వంతు వచ్చేసరికి ఏం రాయమంటారంది. పురాతన కట్టడాల పునరుద్ధరణలో సమగ్ర అనుభవం అని రాయమన్నాను. అప్పటికే నన్ను సిమెంటు తాతయ్య అని పిలుస్తున్న పిల్లలు గొల్లుమన్నారు. ఆమె కలం వంకరగా పట్టుకుని అక్షరం అక్షరం రాసింది: ఒక గోడ, కింద సగం. కింద సంతకం పెట్టి, ఏదో ఆలోచించి, బొటనవేలు సున్నంలో ముంచి దాని పక్కన నొక్కింది. ఇప్పుడు ఆమె పర్లాకిమిడి అవతల ఏదో పాత బంగళా పని మీద ఉంది. ఫోను చేస్తే పక్కన పనివాళ్లెవరో ఎత్తి, మేస్త్రమ్మ చెయ్యి సున్నంలో ఉందని చెబుతారు. చాలు, బాగానే ఉందన్నమాట.

బెల్లం కొట్టులో స్టూలు మీద కూర్చుని ఇదంతా తలుచుకుంటుంటే, అప్పన్న తన గోడ చూపించాడు. పాత సున్నపు గోడ. అడుగున చెమ్మెక్కి, పెచ్చులూడుతోంది. వానలు తగ్గాక సిమెంటు కొట్టించేద్దామనుకుంటున్నాననీ, ఎన్ని బస్తాలు పడతాయో మీకు తెలియనిదేముందనీ అన్నాడు. నేను లేచి అరచెయ్యి తిప్పి, చేతి వెనకభాగం గోడకు ఆనించాను. చల్లగా, తడిగా ఉంది. సిమెంటు వద్దు, దీనికి ఊపిరాడదన్నాను.

"గోడకి ముక్కుంటాదేటండి?" అని అప్పన్న నవ్వాడు. ఆ మాట నా దగ్గర నేర్చుకున్నదే అయ్యుంటుంది.

నేనూ నవ్వాను. దానియేలు మేస్త్రి ఎలా నవ్వి ఉంటాడో అప్పుడు తెలిసింది. కాకపోతే నేను ఈ దారి మానెయ్యను. చూరు నీళ్లు ఎటు పోతున్నాయో ముందు చూడాలనీ, రేపు పొద్దున్నే చిన్న ఉలి పట్టుకుని వస్తాననీ చెప్పి, గొడుగు తీసుకుని ఇంటికి వచ్చేశాను.