మణి పాడిన గుడ్ ఫ్రైడే

అమెరికాలో, హెర్న్‌డన్ అనే ఊళ్లో ఒక క్లినిక్‌లో మణి రక్తం తీసే పని చేస్తుంది. ఓసారి పరీక్ష కోసం వచ్చిన నల్లజాతి పెద్దాయన ఒకాయన కుర్చీలో కూర్చుని ఫోన్‌లో పాట వింటున్నాడు. సూది గుచ్చేటప్పుడు ధ్యాస మళ్లించడానికి, ఏం పాటని అడిగింది. ఆయన సౌండ్ పెంచాడు.

ముందు పెనం మీద నూనె చిటపటలాడినట్టు చప్పుడు. దాని వెనక ఒక్క మనిషి, ఒక్క గిటార్. దాదాపు వందేళ్ల కిందటి బ్లూస్ రికార్డు, మా మిసిసిపీ డెల్టా వాళ్లదే అన్నాడాయన. మాటలు మణికి సగం కూడా అర్థం కాలేదు. గొంతు మాత్రం స్వరం మీద నిలవకుండా కిందికి జారి, అక్కడే కాసేపు కొట్టుమిట్టాడి, మళ్లీ పైకి పాకేది. తాతయ్య పోయినప్పుడు నాయనమ్మ ఆయన శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడ్చింది గుర్తొచ్చింది. చేతికి బ్యాండేజ్ వేశాక కూడా పాట అయ్యేదాకా ఆ పెద్దాయన్ని లేవనివ్వలేదు.

ఆ రోజు నుంచి కారులో అవే పాటలు. ఇప్పటి పాటలు వింటే పాడేవాళ్లు ఎక్కడో స్టేజి మీద ఉన్నట్టుంటుంది. వీళ్లేమో పక్క సీట్లో కూర్చుని తమ బాధ తనకొక్కదానికే చెప్పుకుంటున్నట్టుండేది.

ఈ సంగతి రాగిణికి మాత్రమే చెప్పింది. ఇద్దరూ వెళ్లే తెలుగు చర్చిలో రాగిణి క్వాయర్ నడుపుతుంది, గిటార్ వాయిస్తుంది; మణి అందులో పాడుతుంది. పదేళ్ల స్నేహం. ఒక సాయంత్రం రాగిణి ఇంట్లో ఇద్దరూ బేస్‌మెంట్‌లో కూర్చుని వింటుంటే, రాగిణి వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి గిటార్ తీగల మీద జార్చి చూసింది. మణి ఆ జారుడుకి తగ్గట్టు సిలువ కీర్తన అందుకుంది. పాట అయ్యేసరికి రాగిణి కళ్లు తుడుచుకుంటోంది.

"మణీ, గుడ్ ఫ్రైడేకి ఇలాగే పాడదామే."

"పెద్దవాళ్లు ఏమైనా అంటారేమో అక్కా. మామూలుగానే పాడతాలే."

"ఎవరైనా అంటే నేను మాట్లాడతాగా. నువ్వు పాడు."

పాడింది. చర్చిలో ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఉన్న ఒక ముసలావిడ గట్టిగా ఏడ్చేసింది.

ఆరాధన ముగిశాక సంఘ పెద్ద సామ్యూల్ గారు ఇద్దర్నీ పాస్టర్ గారి గదిలోకి పిలిచారు.

"మన కుర్రాళ్లు చెప్పారు, సారాకొట్లో పాడే పాటల బాణీ అట కదా అది? దేవుడి సన్నిధిలో ఏంటమ్మా ఇది? ఎవరి ఆలోచన?"

మణి రాగిణి వైపు చూసింది. రాగిణి నేల చూపులు చూస్తూ అంది.

"నేను వద్దనే చెప్పానండి. మణే పట్టుబట్టింది. గుడ్ ఫ్రైడే పూట గొడవెందుకని వాయించాను."

మణి కాదని చెప్పడానికి నోరు తెరిచింది గానీ, అబద్ధమాడింది తనే అన్నట్టు ముఖమంతా వేడెక్కిపోయింది. సారీ చెప్పింది, బయటికొచ్చింది.

మర్నాడు రాగిణి ఫోన్ చేసింది.

"ఏం చేయను మణీ, నిజం చెబితే క్వాయర్ నా చేతిలోంచి పోయేది. నీకైతే పోయేదేముంది?"

"నువ్వు పోయావక్కా," అని ఫోన్ పెట్టేసింది మణి.

క్వాయర్ మానేసింది. అన్నిటికంటే కష్టం, ఆ పాటలు కూడా వినలేకపోవడం. గొంతు జారిన ప్రతిచోటా రాగిణి మాటే వినబడేది. వేసవంతా కారు నిశ్శబ్దంగా నడిపింది.

ఆకులు రాలే రోజుల్లో, ఒకనాడు ట్రాఫిక్‌లో ఆగిపోయినప్పుడు మళ్లీ పెట్టుకుంది. ఆ పాడే మనిషిని కూడా ఎవరో బాగా దగ్గరివాళ్లే ముంచి ఉంటారనిపించింది మొదటిసారి. ఆ మాటలు ఇప్పుడు తెలుగులో విన్నంత తేటగా అర్థమయ్యాయి. వారం తిరక్కుండా కమ్యూనిటీ సెంటర్‌లో గిటార్ క్లాసులో చేరింది.

ఆదివారాలు చర్చికి వెళ్తూనే ఉంది, వెనక వరసలో కూర్చుంటుంది. రాగిణి ఎదురైతే "వందనాలక్కా" అంటుంది. ఆవిడ ఇంకేదో అనబోయేలోపే కారు దగ్గరికి నడుస్తుంది.