చప్పుళ్ల టీచరు

ఇరవై ఆరేళ్లుగా ఆవిడ ఒకటో తరగతి గది వదల్లేదు. పై తరగతులు ఇస్తామన్నా వద్దంది. "పైన చెప్పేవాళ్లు బోలెడుమంది. ఇక్కడ పునాది చెడితే పదో తరగతి దాకా పిల్లలే ఏడవాలి," అనేది. మిగతా టీచర్లు చెవులు కొరుక్కునేవారు. ఆవిడ పట్టించుకునేది కాదు.

మొదటి నెలంతా పలకలు సంచుల్లోనే. అక్షరం కంటికి చూపించే ముందు దాని చప్పుడు చెవికి పట్టించాలన్నది ఆవిడ పట్టుదల. "పడవలో ప తీసేసి క పెట్టండి," అంటే ముప్పై గొంతులు "కడవ" అని కేక పెట్టేవి. "పలకను వెనకనుంచి చెప్పండి," అంటే "కలప". చప్పట్లు, బల్లల మీద దరువులు, పక్క గదిలో పాఠం సాగేది కాదు. అలా చప్పుళ్ల టీచరన్న పేరు పడింది.

ఒక ఏడాది మధ్యలో వేరే బడినుంచి ఒక పిల్ల వచ్చి చేరింది. నోటికి తాళం లేని పిల్ల, అందరూ గడుగ్గాయి అనేవారు.

"మా పిల్ల పుస్తకమంతా గడగడా చదివేస్తుందండీ," అని దర్జీపని చేసే వాళ్లమ్మ మురిసిపోయింది.

గడుగ్గాయి నిజంగానే గడగడా చదివింది. టీచరు పేజీలోని బొమ్మను అరచేత్తో మూసింది. పిల్ల టక్కున ఆగిపోయింది. చివరి మాట మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అంటే, పాఠం మొదటి నుంచీ మళ్లీ ఎత్తుకుంది.

అంతా బట్టీయే. ఒక్క అక్షరం రాదు. టీచరుకు ఒళ్లు మండింది, పిల్ల మీద కాదు, దాన్ని చదువనుకుని ముద్దులాడిన పెద్దవాళ్ల మీద.

"ఏడాది చివర కొత్త వాక్యం చదివిస్తా. రాకపోతే మళ్లీ ఒకటో తరగతే," అని, సంగతి తెలిసిన బడి పెద్దసారు తేల్చేశారు. పిల్ల ముందే అన్నారు. రెండు రోజులు గడుగ్గాయి వెనక బల్ల దగ్గరే నక్కి కూర్చుంది. టీచరు వెళ్లి పిల్ల పక్కనే కూర్చుంది.

"నేనున్నాగా. మొదట్నుంచీ మొదలెడదాం," అంది.

పిల్ల "క కు కొమ్మిస్తే" అని పాట అందుకుంటే ఆపేసేది. "కొమ్ము సంగతి తర్వాత. చప్పుడు చెప్పు." అక్షరాల చప్పుళ్లు ఒక్క ఊపిరిలో కలిపించేది. ప్రతి వాక్యం చివరా "అంటే ఏమైందట?" అని అడిగేది. చెప్పలేకపోతే చదివినట్టు ఒప్పుకునేదే కాదు.

మూడు నెలలయ్యాక వాళ్లమ్మ బెంగపడుతూ వచ్చింది. "ముందు గడగడా చదివేదండీ. ఇప్పుడు ఒక్కో మాటా కూడబలుక్కుంటోంది."

"అప్పుడు అప్పజెప్పిందమ్మా. చదవడం ఇప్పుడే మొదలెట్టింది. వేగం దానంతటదే వస్తుంది," అంది టీచరు. ఆ విషయంలో ఆవిడకు రవ్వంత అనుమానం లేదు.

పరీక్షనాడు పెద్దసారు పుస్తకం తెరవలేదు. బట్టీకి అందకుండా బోర్డు మీద సొంతంగా ఒక వాక్యం రాశారు.

గడుగ్గాయి వేలు గాల్లో కదిలిస్తూ చదివింది. "అమ్మమ్మ... డబ్బాలో... పాము... దాచింది."

పెద్దసారు టీచరు వైపు తిరిగారు. "చూశారా, మళ్లీ ఊహే. అది వాము."

పిల్ల బోర్డునే చూస్తోంది. "పామును డబ్బాలో ఎందుకు దాచింది సార్? మూత తీస్తే కరవదూ?"

టీచరు బోర్డు దగ్గరికి నడిచింది. పైన గీత కలిపితే వ, విడిస్తే ప. పెద్దసారు తొందరలో కలపడం మరిచారు.

"మీరు రాసింది రాసినట్టే చదివింది సార్. అర్థం కుదరలేదని అడుగుతోంది కూడా. ఇంతకంటే చదవడమంటే ఏముంది?"

పెద్దసారు కళ్లజోడు సర్దుకుని ఒకటికి రెండుసార్లు చూశారు. చివరికి సుద్దముక్క తీసి గీత కలిపారు.

"వాము," అంది పిల్ల, అడగకుండానే.

"సరే, రెండో తరగతికి పో," అన్నారాయన.

గడుగ్గాయి కదల్లేదు. టీచరు కొంగు పట్టుకుని, గది మొత్తానికీ వినపడేంత రహస్యంగా అడిగింది.

"మరి సార్‌ని ఒకటో తరగతిలో కూర్చోబెడతారా టీచర్?"