లోయలో పడ్డ అన్నను మా ఊరు లాగిన రోజు

మా ఆయనది వెలిగొండ కింద పల్లె. వాళ్ల ఇంట్లో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకులకు ఒకటే కథ, ఒకటే గుమ్మెట. గుమ్మెటంటే మూతికి తోలు బిగించిన మట్టికుండ, దాన్ని వాయిస్తూ కథ చెబుతారు. కోతలకని కిందికి దిగి వచ్చి, మైపాడు పక్కన వలలు లాగే ఇంట్లో పుట్టిన నన్ను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి.

మా నాన్నకు ఆ గుమ్మెటంటే ఎకసెక్కం. "అల్లుడా, తోలు పీకేసి దాంట్లో చేపల పులుసు కాచుకుంటే పనికొస్తాది గదా" అనేవాడు. మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ మా మామగారు చనిపోయిన ఏడు, ఆ కథ మా ఊళ్లో ఎత్తాల్సిందేనని మా ఆయన పట్టుబట్టాడు. తండ్రి పోయాక మొదటిసారి చెప్పడం మరి.

వాయుగుండం పట్టి పడవలు ఒడ్డెక్కిన ఒక మధ్యాహ్నం, జనమంతా వలల పాకలో చేరారు. వంత పాడడానికి కొండ నుంచి రావలసిన మా మరిది రాలేదు. వానకు బస్సులు ఆగిపోయాయి.

"నువ్వే కూసో. నేను ఆపినప్పుడల్లా 'తందానా' అను. మెల్లిగా అనాల. నీ గొంతుకు కాకులు లేస్తాయి" అన్నాడు మా ఆయన.

"నేను తప్పితే?"

"నువ్వు తప్పినా పరవాలేదు. నా చెయ్యి ఆగకూడదు. మధ్యలో ఆగితే కథ తెగినట్టే. మా ఇంటి కట్టుబాటు. ఏడాది దాకా మళ్లీ ఎత్తకూడదు."

కథ చిన్నదే. మేకలు కాసే అన్న లోయలో పడతాడు. చెల్లెలు అంచున నిలబడి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంటుంది. అన్న చనిపోతాడు.

సగం దాకా నేను బాగానే అన్నాను. చెల్లెలు ఏడ్చే చోట గుమ్మెట దరువు మారింది. అచ్చం మేము వల లాగేటప్పటి దరువు. చిన్నప్పటి నుంచి ఆ దరువుకు నా నోట వచ్చేది ఒకటే. "హైలెస్సా!" అనేశాను. పాకలో ఉన్నవాళ్లంతా వల లాగేవాళ్లే. ఊరుకుంటారా? "హైలెస్సా!" అని అందరూ ఒక్కసారి అందుకున్నారు. మా నాన్న లేచి నిలబడి లేని తాడు పట్టుకుని వెనక్కి వాలాడు.

మా ఆయన చెయ్యి గుమ్మెట మీద తడబడింది.  తండ్రి కథ, మొదటిసారి, నా నోటి వల్లే తెగిపోతోందనుకున్నాను. ఆయన నా వంక చూశాడు. తర్వాత మా నాన్న వంక చూశాడు. చెయ్యి ఆపలేదు. "చెల్లెలు చీర చింపింది, తాడు పేనింది, లోయలోకి వదిలింది. లాగండయ్యా!" అని ఎత్తుకున్నాడు. ఇక చూడాలి మా వాళ్లను! గొంతులు బొంగురుపోయేదాకా లాగి, ఆ అన్నను పైకి తెచ్చి కూర్చోబెట్టారు.

రెండు రోజులకు మరిది దిగాడు. ఊళ్లో వాళ్లు చెప్పగా విని రుసరుసలాడుతూ వచ్చాడు.

"నాయన చెప్పిన కథలో అన్న సచ్చిపోతాడు గదా. ఎవుడు బతికించినాడు?"

"మీ వదినా, ఆమె ఊరోళ్లూ" అన్నాడు మా ఆయన.

"కొండకాడ ఏం చెప్పేది మరి?"

"ఆడ నాయన చెప్పినట్టే. ఈడ మాత్రం లాగాల్సిందే."

మరిది కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. నేను అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"ఎంతమంది లాగినారు వదినా?"

"ఊరు ఊరంతా."

"అంతమంది లాగితే బతకతాడులే" అన్నాడు.