మాట తిరిగి చెప్పే మనిషి

గిద్దలూరు బస్టాండు పక్కన టీ కొట్టు పెట్టుకున్న కాశయ్యకు ఎవరేం చెప్పినా తిరిగి చెప్పే అలవాటుంది. "రెండు టీలు, ఒకటి చక్కెర లేకుండా" అంటే, గ్లాసులు కడుగుతూనే ఆ మాట అట్లాగే అప్పజెప్పి, ఎదుటివాడు తలూపాకే టీ పోస్తాడు. పదిహేడేళ్లు మిలిటరీలో వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేసిన మనిషి. ఎడమ చెవి సరిగ్గా పనిచేయదు.

ఆ సాయంత్రం టీవీలో యుద్ధం గురించి ఒకటే అరుపులు. "సైన్యం ముందుకు పోతానంటే ఢిల్లీవాళ్లు ఆపినారంట. ఎవరిది తప్పు మామా?" అన్నాడు ఆటో నడిపే హరికృష్ణ.

కాశయ్య తడిగుడ్డ పిండి బల్ల తుడిచాడు. "మా యుద్ధంలో గూడా ఇదే. సరిహద్దు దాటి, మావాళ్ల మీద గుండ్లు కురిపిస్తా ఉండే అవతలి ఫిరంగులను కొడతామని కొండ మీదినుంచి మా మేజర్ సాబ్ అడిగినాడు. కింద క్యాంపులో వైర్‌లెస్ కాడుండి ఆ మాట పై ఆఫీసర్లకు పంపింది నేనే. జనరళ్లు పొమ్మంటారు, మంత్రులు వద్దంటారు. మూడు రోజులు అదే వాదన. ఆఖరికి దాటొద్దని ఆర్డరొచ్చింది. అదీ కొండకు నేనే చెప్పినా."

"మేజర్ ఏమన్నాడు?"

"ఆర్డర్ విన్నోళ్లు తిరిగి చెప్పాల నాయనా, అది రూలు. ఆ పొద్దంతా చెప్తానే ఉన్నా. తిరిగి చెప్పేదానికి కొండ మీద ఎవరూ మిగల్లేదు."