రిథం పెట్టెకు నడక నేర్పిన దస్తగిరి మామ

దస్తగిరి మామ లేడన్న కబురు నాకు మొదట చెప్పింది గాజుల రమీజా. బేతంచెర్ల నుంచి ఫోను చేసింది. అప్పుడు కర్నూలులో మా వీధిలో ఎవరిదో పెళ్ళి ఊరేగింపు పోతోంది. బండికి కట్టిన స్పీకర్ల దెబ్బకు మా వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు గలగలమని అదురుతున్నాయి. "ఏమంటివి రమీజా, ఇంగోసారి చెప్పు" అని రెండుసార్లు అడిగాను. "దస్తగిరి మామ పాయ నాగక్కా. నిన్న మన్ను చేసినారు. నీకు చెప్పల్లని ఎవురికీ తోచినట్ల లేదు" అంది. ఫోను పెట్టేసి, అలమర తలుపుకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. బయట ఆ దుమ్ము దుమ్ముమనే మోత వెంట్రుకవాసి తేడా లేకుండా సాగుతూనే ఉంది. ఆ మోత ఎక్కడ పుట్టిందో, ఎలాంటి పెట్టెలోంచి మా భజనల్లోకి వచ్చిందో నాకు తెలుసు. దానికి మా ఊళ్ళో నడక నేర్పింది ఆయనే. ఆ సంగతి రాయడానికి నాకంటే అర్హులు ఉండాలి. ఎవరూ రాయలేదు కనుక, దేవుడికి దణ్ణం పెట్టుకుని నేనే రాస్తున్నాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయనకు బేతంచెర్ల బజారులో కిరాణా అంగడి ఉండేది. ఊరి చుట్టూ నాపరాయి పాలిష్ మిషన్లు, గాలి నిండా తెల్లటి పొడి. చిన్నప్పుడే నాకు ఆయాసం పట్టుకుంది. పది అడుగులు నడిస్తే రొమ్ములో పిల్లికూతలు. ఇక బడి వద్దని అమ్మే ఇంట్లో అక్షరాలు దిద్దించి, పద్యాలు, హారతి పాటలు నేర్పింది. నన్ను గడప దాటించే చోటు ఒక్కటే, శనివారం సాయంత్రం రామాలయంలో భజన. అక్కడ డోలక్ వాయించేది దస్తగిరి మామ. దూదేకులవాళ్ళు. వాళ్ళ ఇంట్లో తాతల కాలం నుంచీ గుడి వాయిద్యం ఉంది. ఆయన పగలంతా పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఎత్తేవాడు. శనివారం మాత్రం పని దిగగానే స్నానం చేసి, ఉతికిన పంచ కట్టుకుని, మెటికల పగుళ్ళకు కొబ్బరినూనె రాసుకుని వచ్చి చాప అంచున కూర్చునేవాడు.

పన్నెండో ఏట నేను మొదటిసారి ఒంటరిగా పాడాను. రెండో చరణం మధ్యలో ఊపిరి అందలేదు. నోరు తెరిచి ఉంది, మాట రాదు. అందరూ నా వైపు చూసేలోగా మామ ఎడమ చేత్తో డోలక్ మీద గుమ్మని ఒక దెబ్బ వేసి, దాన్ని సాగదీసి, వేళ్ళతో చిన్నగా ఏదో అల్లాడు. అది పాటలోని సొగసే అనుకున్నారు అందరూ. ఆ సందులో నేను ఊపిరి తీసుకున్నాను. హారతి అయ్యాక ఏడుపు మొహంతో ఆయన దగ్గరికి పోయాను.

"భయపడాకు పాపా. ఊపిరి కావాల్సొచ్చినప్పుడు నీ భుజాలు ముందే ల్యాస్తాయి, నాకు కనపడ్తాది. నేను కాసుకోనుంటా. నువ్వు నిదానంగా తెచ్చుకో."

"అట్ల కాసుకుంటే తాళం తప్పదా మామా?"

"తప్పితే ఏమి? రాములవారేమన్నా చేతికి గడియారం కట్టుకోని ఇంటాండాడా?" అని నవ్వాడు.

ఆ తరువాత పన్నెండేళ్ళు నేను పాడిన ప్రతి పాటా ఆయన నా భుజాలను చూస్తూ వాయించినదే. ఊళ్ళో వాళ్ళు "శెట్టిగారి పాపకు శనివారం ఆయాసం రాదు, అంతా స్వామి మహిమ" అనేవాళ్ళు. స్వామి మహిమే, నేను కాదనను. ఆ మహిమ ఎవరి చేతుల్లోంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు.

రెండువేల మూడో నాలుగో, ఆ రోజుల్లో మా హార్మోనియం సుబ్బయ్య సారు కడప నుంచి ఒక పెట్టె తెచ్చాడు. భజన సంఘానికి పెద్ద ఆయనే. వాళ్ళ బావమరిదిది పాటకచేరీల బృందం, అది మూతపడితే సామాన్లలో మిగిలిన రిథం పెట్టె ఇది. అప్పటికే పాతకాలపు సరుకు. పలకంత వెడల్పు, కింద వరసగా పదహారు మీటలు, మీట మీటకూ ఒక చిన్న దీపం. అందులో నిజం డోలక్ శబ్దం ఏదీ దాచిపెట్టి లేదు, కరెంటే లోపల తిరిగి తిరిగి శబ్దమవుతుందని సారు చెప్పాడు. ఒక మీట నొక్కితే ఖాళీ కాగును గుద్దినట్టు దుమ్మని, ఇంకొకటి నొక్కితే ఎవరో తడి చేతులతో చప్పట్లు కొట్టినట్టు. పదహారు మీటల్లో ఏవి మోగాలో ఒకసారి చెప్పి పెడితే చాలు, ఇక అది అలాగే తిరుగుతూ ఉంటుంది.

చెప్పి పెట్టేదెవరు? మాలో దరువుల లెక్క తెలిసినవాడు ఒక్కడే. "దస్తగిరీ, దీనికి మన భజన నడకలన్నీ నువ్వే నేర్పల్ల" అన్నాడు సారు. మామ రెండు ఆదివారాలు గుడి అరుగు మీద దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. తొడ మీద వాయించుకోవడం, వేళ్ళు లెక్కపెట్టుకోవడం, మీట నొక్కడం. దీపాలు వెలుగుతూ పరిగెత్తుతుంటే చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు.

"ఏమప్పా, చెప్పింది చెప్పినట్ల ఇంటాండాది! మా ఇంట్లో ఇట్లాటి మనిషి ఒక్కరూ ల్యాకపాయ" అంటే అరుగు మీద ఆడవాళ్ళందరం నవ్వాం.

అంతా అయ్యాక ఒక్క మాట అడిగాడు. "పాడేటోళ్ళు ఊపిరి తీసుకునేటప్పుడు ఇదేం చేస్తాది సార్?"

"అది దాని పని కాదప్పా. పాడేటోళ్ళే దానికి సరిపోవల్ల" అన్నాడు సారు.

అలా మామ తన చెయ్యి తనే ఆ పెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఆ తరువాతి శనివారం సారు ఎంతో ప్రేమగా, "దినమంతా బండలు ఎత్తి ఎత్తి వస్తావు, ఈ వారం రెస్టు తీసుకో దస్తగిరీ" అన్నాడు. పై వారం కూడా అదే మాట. రావద్దని ఎవరూ అనలేదు. మూడో వారం మామ మా అంగడి మెట్ల దగ్గరికి వచ్చి నన్ను పిలిచాడు.

"పాపా, నువ్వు చెప్తే సారు ఇంటాడు. నాకు అలసట ల్యాదని చెప్పు. వారంలో నేను బండలు మర్సిపోయేది ఆ ఒక్కపూటే."

"చెప్తాలే మామా" అన్నాను.

చెప్పలేదు. శ్రీరామనవమి కాగానే మా భజనలు కర్నూలులో సీడీగా తీయాలని సారు అనుకుంటున్నాడు. అట్ట మీద నా ఫోటో వేస్తానన్నాడు. ఇల్లు దాటి ఎరగనిదాన్ని, నా మొహం ఊరూరా పోతుందన్న ఆశ. సారు మాటకు అడ్డం చెబితే ఆ పాటలు ఇంకొకరికి పోతాయేమోనని భయం. ఇంత చిన్న కారణమే. ఇప్పుడు వెతికినా పెద్దది దొరకదు.

నవమి నాడు మధ్యాహ్నం గుడి ముందు పందిట్లో పాడుతున్నాం. కరెంటు పోయింది. మైకు పోయింది, పెట్టె దీపాలన్నీ ఆరిపోయాయి. పాట సగంలో నిలిచిపోయింది. పందిరి నిండా జనం. ఒక ముసలామె లేచి, "కరెంటు ల్యాకపోతే దస్తగిరి ల్యాడా? అదో, ఆ చెప్పుల కాడ కూచోనుండాడు సూడండి!" అని గట్టిగా అంది. అందరమూ అటు చూశాం. ఆయన సర్దుకుని కూర్చున్నాడు. చేతులు అప్పటికే పంచకు తుడుచుకుంటున్నాడు. సారు చూపు తిప్పుకుని "రెండు నిమిషాల్లో వస్తాది లేమ్మా" అన్నాడు. మామ నా వైపు చూశాడు. నేను చాప మధ్యలో ఉన్నాను. "రా మామా" అంటే చాలు, ఆ జనం ముందు సారు కాదనగలిగేవాడు కాదు. నేను పాటల పుస్తకంలోకి తల వంచుకున్నాను. అరగంటకు పైనే చేతులు ముడుచుకుని కరెంటు కోసం కూర్చున్నాం, ఇంతమంది భక్తులం. నేను తల ఎత్తేసరికి ఆయన తువ్వాలు దులుపుకుని పోతున్నాడు. పానకం కూడా తీసుకోలేదు.

సీడీ వచ్చింది. ఆ పెట్టె వేగానికి నా ఊపిరి చాలక, చరణం చివర సాగదీసే "రామా" అన్న పిలుపులన్నీ కత్తిరించి పాడాను. అలా పాడటమే పద్ధతి అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ భజనలవాళ్ళు మమ్మల్ని విని అలాంటి పెట్టెలు తెచ్చుకున్నారు. మొదట మెల్లగా సాగి, భక్తి ఎక్కేకొద్దీ వేడెక్కి, చివర ఒళ్ళు తెలియకుండా ఉరికే భజన మా సీమలో ఉండేది. అది పోయి మొదటి నుంచి చివరి దాకా ఒకటే నడక మిగిలింది.

ఆ సీడీ ఒకటి తీసుకుని మామ ఇంటికి పోయాను. పక్కింటి రమీజా వాళ్ళ సీడీ ప్లేయరులో పెట్టి వినిపించాం. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది నా దరువే గదా" అన్నాడు ఒకచోట. ఇంకొకచోట కళ్ళు తెరిచి, "ఈడ నువ్వు ఊపిరి తీసుకోల్యా పాపా" అన్నాడు. తరువాత అట్ట నా చేతికిచ్చాడు. ఆయనకు చదువు రాదు. "ఎవురెవురి పేర్లు ఏసినారో చదువు, ఇందాం."

నా పేరు చదివాను, సారు పేరు చదివాను, కోరస్‌వాళ్ళ పేర్లు చదివాను. మైకు సెట్టు ఇచ్చినాయన పేరు కూడా ఉంది. ఆయన ఇంకా వింటున్నాడు. ఆ మొహం చూసి, లేని అక్షరాలు చదివాను. "డోలక్, దస్తగిరి" అన్నాను. ఆయన అట్ట తీసుకుని, నేను ఆపిన చోట బొటనవేలితో ఒకసారి రాసి, గోడ గూట్లో పెట్టుకున్నాడు. మా అమ్మ నాకు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన చదువును నేను అలా వాడుకున్నాను.

పెళ్ళయి కర్నూలు వచ్చేశాక ఒకసారి పుట్టింటికి పోతే, గాజులు తొడుగుతూ రమీజా చెప్పింది. "నువ్వు పోయినంక మామ ఆ అట్ట నాతో చదివిచ్చుకున్యాడు నాగక్కా. మూడుసార్లు చదివిచ్చుకున్యాడు. ఆ పాపకు కండ్లు సరిగ్గా ఆనలేదేమో అన్యాడు, అంతే." మామ ఇల్లు నాలుగు వీధుల అవతలే ఉంది. పోలేదు. ఈసారి వచ్చినప్పుడు పోదామనుకున్నాను. అలా ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు నలుగురు నా దగ్గర పాటలు నేర్చుకుంటారు. కీబోర్డులో దరువు పెట్టుకుంటాం పిన్నీ అంటారు, వద్దంటాను. చేత్తో తాళం వేస్తూ వాళ్ళ భుజాలు చూస్తాను. లేస్తున్నాయంటే ఆగుతాను. ఎందుకు ఆగావని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు, వాళ్ళకు తెలియదు. నాకు ఊపిరి ఇచ్చిన మనిషిని చూపించినందుకు దేవుడికి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. ఆ మనిషికి చెప్పాల్సింది చెప్పలేదు కనుక అది ఎప్పుడూ సగం దగ్గరే నిలిచిపోతుంది.

చదివినవాళ్ళకు ఒక విన్నపం. మా పాత సీడీ ఎక్కడైనా మీ చెవిన పడితే, గొంతు నాదని నన్ను తలుచుకోవద్దు. ఆ దరువు వేసిన చేతిని తలుచుకోండి. అట్ట మీద లేని పేరు ఇది, మీరైనా ఒక్కసారి పైకి చదవండి: డోలక్, దూదేకుల దస్తగిరి, బేతంచెర్ల.