గడకి ఇవతల బడి

నాకు నోరెక్కువ. మా మండలంలో టీచర్ల మీటింగ్ ఎక్కడ పెట్టినా చివరికి నా గొంతే వినిపిస్తుందని వెనక కుర్చీల్లోవాళ్లు నవ్వుకుంటారు. ఆ రోజూ అలాగే లేచాను.

కరోనా వచ్చి బళ్లు మూసేసి అప్పటికి నెలలు గడిచిపోయాయి. మళ్లీ తెరవాలా వద్దా, తెరిస్తే టీచర్లు కొండ మీదికి వెళ్లాలా వద్దా అని మా అభిప్రాయం చెప్పమన్నారు. కుర్చీకీ కుర్చీకీ మధ్య గజం దూరం. అందరి ముఖాలకీ మాస్కులు. ఎవరైనా దగ్గితే హాలంతా అటు తిరిగి చూసేది.

మాలో అందరికంటే సీనియర్ మాస్టారు మొదట లేచారు. పిల్లలు నేర్చుకున్నది మర్చిపోతున్నారనీ, మనం ఇంట్లో కూర్చోవడం బాగోలేదనీ అన్నారు. ఆయన కూర్చోకముందే నేను అందుకున్నాను.

"మీది రోడ్డు పక్క బడి మాస్టారూ. మాది రోడ్డు దిగి గంటన్నర నడిస్తే వస్తుంది. అక్కడ ఎవరికైనా ఆయాసం వస్తే డోలీ కట్టి మోసుకురావాలి. ఊళ్లు తిరిగొచ్చేది మనం. రోగం కొండెక్కేది మన కాళ్లతోనే. నేను వెళ్లను."

చప్పట్లు కొట్టారు. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. చెప్పనిది మాత్రం ఒకటుంది. నాకు భయం. యాభై దాటినదాన్ని, షుగర్ ఉన్నదాన్ని, అనంతగిరి రోడ్డు మీద అద్దెగదిలో ఒంటరిగా ఉంటున్నదాన్ని. ఆ భయాన్ని తీసుకెళ్లి పిల్లల పేరు కింద దాచుకున్నాను. చప్పట్లు వింటుంటే సిగ్గుగానే ఉంది, హాయిగానూ ఉంది.

నాలుగు రోజులకి ఫోనొచ్చింది. మా బడిలో అయిదో తరగతి చదివే ఒక ఆడపిల్ల చిన్నాన్న. ఊరి మొత్తానికి ఫోన్ ఉన్నది అతనికే. సిగ్నల్ కోసం గుట్టెక్కి మాట్లాడేవాడు.

"టీచరమ్మా, మాయమ్మ అడగమంది. నువ్వు రావడం నేదెందుకని. మా అన్న గుంట పొస్తకం పట్టుకుని ఏడస్తంది. వచ్చిన అచ్చరాలు పోతన్నాయంట."

"మీ ఊరికి గడేశారటగా. ఎవర్నీ రానివ్వడం లేదటగా?"

"గడేసేం. నిన్ను లోపలికి రమ్మన్నానేటి? గడ కాడికి రా."

ఎదురు చెప్పకుండా వస్తానన్నాను. అలాంటిది నా జీవితంలో తక్కువ.

ఆ గడ సంగతి చెప్పాలి. కొండల్లో రోగం తిరుగుతోందంటే ఆ ఊరివాళ్లు ఊరి దేవతకి మొక్కి, దారికి అడ్డంగా పొడుగాటి వెదురు గడ కట్టి దానికి మామిడి కొమ్మ తగిలిస్తారు. బయటివాళ్లు గడ దాటరు. బయటికెళ్లిన ఊరివాళ్లు తిరిగొస్తే, దూరంగా పోడు చేలో ఉన్న కాపలా మంచె మీద తొమ్మిది రోజులు గడిపాకే లోపలికి రావాలి. బయటినుంచి వచ్చిన వస్తువైతే గడ పక్కనున్న బల్లపరుపు బండ మీద మూడు రోజులు ఎండాలి. ఉప్పు ప్యాకెట్టయినా అంతే, కలెక్టర్ కాగితమైనా అంతే. ఇదంతా చూసుకునే మనిషి ఆ పిల్ల నాయనమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే ఆ పిల్లని పెంచింది ఆవిడే. మేమంతా మామ్మ అని పిలిచేవాళ్లం.

వెళ్లాను. గడకే, చాపలా చుట్టి తెచ్చుకున్న నా బోర్డు వేలాడదీశాను. అవతల పనసచెట్టు కింద పిల్లలు పద్నాలుగు మంది, ఇవతల ఒక రాయి మీద నేను. మధ్యలో నాలుగు బారల దూరం. మామ్మ కర్ర పట్టుకుని అవతలి గట్టు మీద కూర్చునేది. ఏ పిల్లాడైనా అంగుళం ముందుకు జరిగితే కర్ర నేల మీద కొట్టేది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా క్లాసు అంత బుద్ధిగా ఎప్పుడూ కూర్చోలేదు.

మీటింగులో అంత గట్టిగా వెళ్లనన్నదాన్ని వెళుతున్నానని ఎవరికీ చెప్పలేదు. వలిసె చేలు పూతకొచ్చి కొండవాలంతా పసుపుపచ్చగా ఉండేది. దిగేటప్పుడు గొంతులో ఏమాత్రం గరగరమన్నా గుండె ఆగినంత పనయ్యేది. గదికి రాగానే వేడినీళ్లు పుక్కిలించి, నుదురు తాకి చూసుకుని, తెల్లారి లేవగానే కాఫీ పొడి డబ్బా మూత తీసి వాసన తెలుస్తోందా అని చూసుకునేదాన్ని. వాసన వచ్చిందంటే ఆ పూటకి కొండెక్కొచ్చు.

మూడోవారం ఒక శుక్రవారం నోటుపుస్తకాలు దిద్దాలనుకున్నాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి బండ మీద పెట్టి వెనక్కి వెళ్లిపోయారు. నేను దిద్ది అక్కడే వదిలేస్తే, మూడు రోజులు ఎండాక వాళ్లు తీసుకోవాలి. అదీ ఒప్పందం.

ఆ పిల్ల పుస్తకం అందరికంటే లావుగా ఉంది. పాఠాలన్నీ అయిపోతే ఏంచేసిందంటే బియ్యం సంచీ మీది అక్షరాలు, సబ్బు కాగితం మీది అక్షరాలు, చివరికి మా బడి గోడ మీద రాసిన నినాదాలు కూడా ఎక్కించింది. నాకు ఎంత ముచ్చటేసిందో. పేజీ తర్వాత పేజీ తిప్పి చూశాను. చివర ఎర్రసిరాతో 'భేష్' అని రాశాను.

పేజీలు ఎలా తిప్పానో చెప్పలేదు కదూ. చూపుడువేలు నాలికతో తడిచేసుకుని తిప్పాను. చదువు చెప్పేవాళ్లలో సగం మందికి ఉన్న రోగమే ఇది. మాస్కు అడ్డమొస్తే గడ్డం కిందికి లాగేసుకున్నాను. పద్నాలుగు పుస్తకాలు, పేజీ పేజీకీ నా ఎంగిలి. నేనలా చేస్తున్నానని నాకు తెలియనే తెలియదు.

ఆ సాయంత్రం గదిలో వణుకు పట్టుకుంది. మర్నాడు కాఫీ పొడి డబ్బా మూత తీస్తే ఏ వాసనా లేదు. ముక్కు డబ్బాలో దూర్చాను. మట్టి ఉన్న డబ్బాలో దూర్చినట్టే ఉంది. ఆస్పత్రికి వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. పరీక్ష చేసిన అమ్మాయి దూరం నుంచే "పాజిటివ్ మేడం" అంది.

గదికి తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, ముందురోజు ఎవరెవరికి ఎంత దూరంలో ఉన్నానో లెక్కేసుకున్నాను. నాలుగు బారలు, గాలి అటునుంచి ఇటు. ఫరవాలేదనిపించింది. అప్పుడు నా చెయ్యి నుదురు తుడుచుకోడానికి లేచింది. చూపుడువేలి కొసన ఎర్రసిరా మరక కనిపించింది. నాలిక మీద ఇంకా సిరా చేదు ఉన్నట్టనిపించింది. పుస్తకాలు గుర్తొచ్చాయి.

మూడు రోజులు ఎండుతాయిలే అనుకున్నాను. అనుకుంటుండగానే రేకుల మీద వాన మొదలైంది.

మా కొండల్లో వాన పడితే రోజంతా పడుతుంది. బండ మీద పుస్తకాలు తడుస్తాయి. తడుస్తుంటే ఎవరో ఒకరు లోపలికి తీసుకెళతారు. ఆ ఒకరు ఎవరో కూడా నాకు తెలుసు. ఒకసారి బడి పెంకులు కారుతుంటే కప్పుకున్న దుప్పటి తీసి లైబ్రరీ పుస్తకాల మీద పరిచిన పిల్ల అది.

ఆ క్షణమే ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు. ఇన్నేళ్లయినా ఈ ముక్క రాస్తుంటే చెయ్యి సాగడం లేదు. మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్లంతా కళ్లముందు కనబడ్డారు. 'అంత నీతులు చెప్పినావిడే అంటించి వచ్చిందట' అనే మాట చెవిలో వినబడింది. వానలో అతను గుట్టెక్కడు, సిగ్నల్ ఉండదు అని నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమే. కానీ నేను ప్రయత్నించలేదన్నది కూడా నిజమే.

మర్నాడు పొద్దున్నుంచీ చేశాను. మధ్యాహ్నానికి కలిసింది. ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను, వేలి సంగతితో సహా.



"పొస్తకాలు నిన్ననే లోపలికొచ్చీసినాయి టీచరమ్మా. తడిసిపోతన్నాయని గుంట తెచ్చీసింది. పొయ్యి కాడ కూకుని పేజీ పేజీ ఇప్పి ఆరబెట్టింది."

"పంచిందా?"

"నేదు. ఇంకా ఎవులూ ముట్టలేదు. ఉండు, మాయమ్మకి సెప్పొస్తాను."

అతను గుట్ట దిగి, ఊళ్లోకెళ్లి, మళ్లీ గుట్టెక్కేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

"మాయమ్మకి తెలుసంట. నువ్వు ఏలు నాకతా పేజీలు తిప్పడం సూసిందంట. మూడు దినాలు ఎండలో ఉంటే పోద్దిలే అనుకుందంట. వానొస్తదనుకోనేదంట. ఇప్పుడు గుంటనీ పొస్తకాల్నీ ఎంటెట్టుకుని మంచె కాడికెల్లిపోయింది."

"ఆవిడెందుకయ్యా?"

"బాగుందే! గుంట ఒక్కత్తీ ఎలాగుంటాది? మరి నిన్న ఆ పొయ్యి కాడే ఇద్దరూ పడుకున్నారు."

ఆ తొమ్మిది రోజులూ నా రోజులు నేను లెక్కపెట్టుకోలేదు. జ్వరం వచ్చేది, పోయేది. షుగర్ ఎక్కింది, దిగింది. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే, వేలికి పెట్టుకునే మిషన్ కొనిపించి అంకె చూసుకునేదాన్ని. అంకె బాగుంటే, మరి మంచె మీద వాళ్లకి ఏ మిషనుందని కోపమొచ్చేది. ఎవరి మీద కోపమో తెలిసేది కాదు. చిన్నాన్న రోజూ చోడి అంబలి, అదే రాగి జావ, దూరంగా పెట్టి కేకేసి వస్తున్నానని చెప్పాడు. అయిదో రోజు, "గుంట బాగానే ఉంది. మాయమ్మకి జొరం" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ కలవలేదు. వానలకి సోలార్ లైటూ లేదు, చార్జింగూ లేదు.

ఆ మధ్యలో సీనియర్ మాస్టారు ఫోన్ చేశారు. మళ్లీ మీటింగట. "వెళ్లాలా వద్దా తేల్చమంటున్నారమ్మా. మీరు గట్టిగా మాట్లాడతారు, రండి" అన్నారు.

"నాకు పాజిటివ్ మాస్టారూ."

"అయ్యో. ఎలా వచ్చింది? మీరు వెళ్లనన్నారుగా?"

"వెళ్లాను. నేనే అంటించి వచ్చానేమో కూడా తెలీదు."

ఆయన మందుల జాగ్రత్తలు చెప్పారు. తిడితే బాగుండుననిపించింది. తర్వాత, "మరి మీ అభిప్రాయం ఏమని రాయమంటారు?" అని మెల్లగా అడిగారు. వెళ్లమంటే మామ్మ, వద్దంటే సబ్బు కాగితం చూసి అక్షరాలు దిద్దుకునే ఆ పిల్ల. నా పేరెదురుగా ఖాళీ వదిలేయమన్నాను.

తర్వాత సోమవారం నుంచి బళ్లు తెరవమని ఆర్డరొచ్చింది. నాకు నెగెటివ్ వచ్చి వారం దాటింది. చిన్నాన్న ఫోన్ ఇంకా మూగదే. మామ్మ ఉందో లేదో తెలియకుండానే కొండెక్కాను. కాళ్లు తేలిపోతున్నాయి. ప్రతి మలుపులోనూ ఆగి, ఆయాసానికి ఆగాననుకున్నాను. నిజానికి పైకి చేరడం ఇష్టం లేక ఆగాను.

గడ అలాగే ఉంది. మామిడి కొమ్మ కొత్తది కట్టారు. పనసచెట్టు కింద పిల్లలున్నారు. గట్టు మీద మామ్మ లేదు. కర్ర మాత్రం ఉంది.

నేనెవర్నీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. బోర్డు సంచీ కింద పెట్టి నిలబడిపోయాను. అప్పుడు చెట్టు వెనకనుంచి, ఆ పిల్ల భుజం పట్టుకుని, సగానికి సగం అయిపోయిన మామ్మ అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది.

"ఏటలాగ నిల్సుండిపోనావు? కూకో. అక్కడే."

నా రాయి మీద కూర్చున్నాను. "బడి తెరవమన్నారు మామ్మా" అన్నాను, ఏమనాలో తెలీక.

"సర్కారోలు తెరిసేరు. మేం తెరవనేదు."

"జ్వరం వచ్చిందట కదా?"

"వచ్చింది, పోయింది."

"నావల్లే మామ్మా. ఆ రోజే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. భయపడ్డాను."

మామ్మ గట్టు మీద మెల్లగా కూర్చుని కర్ర అందుకుంది. దగ్గొచ్చింది. అది తగ్గేదాకా పిల్లలూ నేనూ ఊపిరి బిగబట్టి చూశాం.

"నీదో నాదో ఎవులికి తెలుసు? జొరం మీద పేరు రాసుంటాదేటి?" అంది. తర్వాత నావైపు చూడకుండానే, "ఇంకోపాలి బేగి సెప్పు" అంది.

ఆ పిల్ల పుస్తకాల కట్ట తెచ్చి బండ మీద పెట్టింది. పద్నాలుగూ పొయ్యి పొగకి పసుపు తిరిగి, తడిసి ఆరి ఉబ్బిపోయి ఉన్నాయి. నా ఎర్రసిరా వానకి కారిపోయింది, అన్నీ మళ్లీ దిద్దాలి. వాటి పక్కన ఇంకోటి కూడా జాగ్రత్తగా పెట్టి వెనక్కి వెళ్లింది. అడ్డాకు దొప్ప, దాన్నిండా నీళ్లు.

"ఏలు అందల ముంచు. నోటి కాడికి ఎల్లనీకు" అంది మామ్మ.

సరేనని మాస్కు సర్దుకుని మొదటి పుస్తకం తెరిచాను. మొదటి పేజీ చూశాను. తిప్పబోయాను. నా వేలు దానంతటది లేచి నోటివైపు బయల్దేరింది.

"టీచరమ్మా!" పద్నాలుగు గొంతులు ఒక్కసారి కేకపెట్టాయి. కర్ర నేల మీద టక్కుమంది.

వేలు దొప్పలో ముంచాను. చివరి పుస్తకం చివరి పేజీ దాకా, తిప్పిన ప్రతిసారీ ముంచాను. అవతల ఒక్కరు కూడా తమకి ఎన్ని మార్కులొచ్చాయో చూడలేదు. అందరూ నా వేలే చూస్తున్నారు.